కోటీ ఎనభై లక్షల పేదవాడు

ఒక మిల్లీలీటరుకి కోటీ ఎనభై లక్షలు. 2009 జులైలో రియాద్‌లో ఒక పాలీక్లినిక్ వాళ్ళు నా చేతిలో పెట్టిన కాగితం మీద ఉన్న అంకె అది. పక్క గడిలో "ఉండవలసినది: రెండు కోట్లు, ఆపైన" అని ఉంది. కింద "ఒలిగోఆస్థెనోజూస్పెర్మియా" అని ఇంతపొడుగు మాట. కణాలు తక్కువ, ఉన్నవి కూడా చురుగ్గా లేవు అని దానర్థం. పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కానీ అంత పొడుగు వేరియబుల్ పేరు నేనెప్పుడూ పెట్టలేదు.

కోటీ ఎనభై లక్షలున్నవాణ్ణి పేదవాడంటారా ఎవరైనా? మన ఊళ్ళో అయితే పిల్లనిచ్చి పెళ్ళి చేస్తారు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు కారులో ఏసీ వేసుకుని అరగంట కదలకుండా కూర్చున్నాను. బయట నలభై అయిదు డిగ్రీలు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే అప్పటికి మా పెళ్ళయి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో పరీక్షలన్నీ మా ఆవిడకే జరిగాయి. కాకినాడలో ఒక డాక్టరమ్మ, రియాద్‌లో ఇంకొకావిడ. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భాశయంలోకి రంగు ఎక్కించి తీసే ఎక్స్‌రే (అది ఎంత నొప్పో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు). చివరికి ఒక ఈజిప్టు డాక్టరు ఫైలంతా తిరగేసి, నా వైపు చూసి, "మరి ఇతని రిపోర్టు ఏది?" అన్నాడు. ఆ ఫైల్లో నా పేరు బిల్లుల మీద తప్ప ఎక్కడా లేదు.

అప్పటినుంచి ఈ సంగతి గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మగవాడి వల్ల పిల్లలు కలగకపోవచ్చన్న విషయం మనుషులకి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎంతకాలం ఒప్పుకోలేదు, ఆ "రెండు కోట్లు" అన్న గీత ఎవరు గీశారు - ఇదంతా రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. దాంతోపాటు నాకు తెలిసిన ఒక జగిత్యాల డ్రైవరన్న కథ కూడా. ఆయన అనుమతి ఇచ్చాడు గానీ పేరు రాయొద్దన్నాడు.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. తెలుగులో పిల్లలు లేని ఆడదానికి "గొడ్రాలు" అని ఉంది. మగవాడికేది? ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. "మగతనం లేనివాడు" అంటాం, అది వేరే సంగతి. పడకగదిలో ఏ లోపమూ లేనివాడికి వీర్యంలో ఒక్క కణం కూడా ఉండకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపేసి ఒకటే మాట వాడతాం కాబట్టే పరీక్షకి వెళ్ళమంటే మనవాళ్ళకి అంత కోపం. అరబ్బీలో "అకీం" అనే మాట ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది. మాట ఉన్నంత మాత్రాన అక్కడి మగవాళ్ళు పరుగున వెళ్ళి పరీక్ష చేయించుకుంటారని కాదు. కానీ కనీసం చెప్పుకోవడానికి ఒక మాటుంది.

మన కథల్లో మాత్రం విషయం దాగలేదు. దశరథుడికి ముగ్గురు రాణులు, ముగ్గురికీ చాలాకాలం పిల్లల్లేరు. మూడు క్లయింట్ మెషీన్లలో ఒకటే ఎర్రర్ వస్తుంటే మనం ముందు సర్వర్ చూస్తాం కదా. ఋష్యశృంగుడు వచ్చి యాగం చేయించింది కూడా రాజుగారి చేతనే. భారతంలో పాండురాజుకి శాపమని చెప్పారు, కుంతి దేవతల్ని పిలిచింది. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోతే వ్యాసుణ్ణి పిలిచారు. అంటే లోపం మగవాడి వైపు ఉండొచ్చని కథకులకి తెలుసు. కాకపోతే రాజు పరువు పోకుండా మధ్యలో ఒక శాపమో యాగమో పెట్టారు.

వైద్యులకైతే ఆ మొహమాటం లేదు. చరకుడూ సుశ్రుతుడూ శుక్రదోషాలు ఎనిమిదని లెక్కపెట్టి రంగు, వాసన, చిక్కదనం బట్టి వర్ణించారు. ఆయుర్వేదానికున్న ఎనిమిది అంగాల్లో వాజీకరణం అని మగవాడి కోసం ఒక అంగమే ఉంది. వెయ్యేళ్ళ క్రితం ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో పిల్లలు కలగకపోవడానికి కారణం భర్త బీజంలోనూ ఉండొచ్చు, భార్యలోనూ ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉండొచ్చని వివరించాడు. గ్రంథాల్లో ఇంత స్పష్టంగా ఉన్నది ఇళ్ళలోకి ఎందుకు రాలేదంటే, నాకు తోచిన కారణం ఒకటే. ఎవరూ దాన్ని కళ్ళతో చూపించలేకపోయారు. ఆడదాని కడుపు పండలేదన్నది ఊరందరికీ కనిపిస్తుంది. మగవాడి సంగతి కనిపించదు.

కనిపించింది 1677లో. హాలండులో డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్, తను స్వయంగా నూరుకున్న కటకాలతో నీటిబొట్టునీ పంటి మీది పాచినీ చూసేవాడు. వైద్యం చదివే హామ్ అనే కుర్రాడు ఒకరోజు జబ్బుమనిషి వీర్యం తెచ్చి, ఇందులో తోకలున్న చిన్న జీవులున్నాయి చూడమన్నాడు. జబ్బు వల్ల వచ్చాయేమో అని లేవెన్‌హుక్ తన వీర్యాన్నే పరీక్షించి చూశాడు. అందులోనూ ఉన్నాయి! లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ, ఇది పాపపు పద్ధతిలో సంపాదించినది కాదనీ, భార్యతో సంసారంలో మిగిలినదేననీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. చదివినవాళ్ళకి రోత పుడుతుందనుకుంటే ప్రచురించవద్దని కూడా రాశాడు. మూడువందల నలభై ఏళ్ళ తర్వాత కూడా శాంపిల్ డబ్బా పట్టుకున్న ప్రతి మగవాడి మొహంలోనూ ఆ సంజాయిషీయే కనిపిస్తుంది. నా మొహంలోనూ ఉండే ఉంటుంది.

ఆ జీవులు అండంలోకి వెళ్ళడం వల్లే పిండం ఏర్పడుతుందని తేలడానికి ఇంకో రెండువందల ఏళ్ళు పట్టింది. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్‌లలో రెండు కేంద్రకాలు కలవడాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఈ మధ్యకాలమంతా డాక్టర్లు ఆడవాళ్ళనే కోసి చూశారు. 1884లో ఫిలడెల్ఫియాలో పాన్‌కోస్ట్ అనే డాక్టరు దగ్గరికి ఒక వ్యాపారి, భార్య వచ్చారు. ఆమెనే మళ్ళీ మళ్ళీ పరీక్షించి ఏమీ దొరక్క, చివరికి భర్త వీర్యం చూస్తే కణాలు లేవు. పాత గనేరియా వల్ల. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? భార్యకి మత్తిచ్చి, ఒక విద్యార్థి వీర్యం ఎక్కించాడు. ఆమెకి చెప్పలేదు. బిడ్డ పుట్టాడు. తర్వాత భర్తకి చెబితే, మా ఆవిడకి మాత్రం చెప్పకండి అన్నాడట. ఈ సంగతి 1909లో ఆ విద్యార్థుల్లో ఒకడు పత్రికకి రాస్తే గానీ లోకానికి తెలియలేదు. మగవాడి పరువు కోసం ఆడదాన్ని చీకట్లో ఉంచడం ఒక్క మన పల్లెటూళ్ళ జబ్బే కాదన్నమాట.

ఇప్పుడు నా "రెండు కోట్ల గీత" దగ్గరికి వద్దాం. రక్తకణాలు లెక్కపెట్టే గాజుపలక మీదే వీర్యకణాలూ లెక్కపెడతారు. 1929లో బోస్టన్‌లో మాకోంబర్, సాండర్స్ అనే ఇద్దరు ఆ పలక మీద లెక్కలు కట్టి, ఆరు కోట్లకి తక్కువుంటే కష్టం అన్నారు. అంటే ఆ రోజుల్లో నేను కటిక దరిద్రుణ్ణి. 1951లో న్యూయార్క్‌లో జాన్ మెక్లాడ్, గోల్డ్ కలిసి పిల్లలున్న వెయ్యిమందినీ, లేని వెయ్యిమందినీ పోల్చారు. తేడా రెండు కోట్ల దగ్గర కనిపించింది. ఆ గీతే అరవై ఏళ్ళు నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో లాబొరేటరీల కోసం మాన్యువల్ వేసినప్పటినుంచి 1999 నాటి నాలుగో కూర్పు దాకా అదే అంకె.

2010లో అయిదో కూర్పు వచ్చింది. ఈసారి పద్ధతి మార్చారు. భార్య ఏడాది లోపల గర్భవతి అయిన మగవాళ్ళ లెక్కలు, దాదాపు రెండు వేల మందివి, తీసుకుని వరసలో నిలబెట్టారు. అడుగునున్న అయిదు శాతం దగ్గర గీత గీశారు. అది కోటీ యాభై లక్షల దగ్గర పడింది. 2021లో ఆరో కూర్పులో మూడున్నర వేల మంది లెక్కలతో కోటీ అరవై లక్షలైంది.

ఇది మొదటిసారి చదివినప్పుడు గట్టిగా నవ్వాను. 2009లో నేను రోగిని. 2010లో అదే అంకెతో ఆరోగ్యవంతుణ్ణి. మందు వేసింది నాకు కాదు, మాన్యువల్‌కి!

కానీ నవ్వు ఆగాక అర్థమైంది ఏమిటంటే, గీత ఎలా గీశారో చూస్తే గీత కింద ఉన్నవాళ్ళు కూడా తండ్రులే. అయిదు శాతం మంది తండ్రులు ఆ గీత కిందే ఉన్నారు, వాళ్ళ లెక్కతోనే గీత గీశారు. పైన ఉన్నంత మాత్రాన పిల్లలు పుడతారనీ కాదు. అది పాసు మార్కు కాదు. ఇంకో విషయం. 2010 లెక్కల్లో ఉన్నవాళ్ళంతా యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా మనుషులు. ఆసియా, ఆఫ్రికా వాళ్ళు వచ్చి చేరింది 2021లోనే. కాకినాడవాణ్ణి రియాద్‌లో కూర్చోబెట్టి, తెల్లవాళ్ళ కొలబద్దతో కొలిచి, చేతిలో కాగితం పెట్టారు.

పైగా ఆ కాగితం పూర్తిగా నమ్మదగింది కూడా కాదు, తప్పు నాదే. శాంపిల్ ఇంట్లో తీసుకొస్తానన్నాను. గంటలోపల ల్యాబుకి చేరాలి, మరీ వేడీ మరీ చలీ తగలకూడదు. కింగ్ ఫహద్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంటా ఇరవై నిమిషాలు పట్టింది. డబ్బా డాష్‌బోర్డు మీద పెట్టాను, జులై ఎండలో. ల్యాబ్ కుర్రాడు టైమెంతైందని అడగలేదు, నేను చెప్పలేదు. అంతకు రెండు నెలల ముందు నాకు వారంరోజులు గట్టి జ్వరం. వీర్యకణం మొదలైన దగ్గరనుంచి తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, బయటికి వచ్చేదాకా లెక్కేస్తే మూడు నెలలకి దగ్గర. స్వల్పకాలిక వరి పంటంత. నారుమడి దశలో తగిలిన దెబ్బ కోతలప్పుడు కనిపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదని, కొంత ఎడంతో రెండోసారి చేయించాలని ఆ ఈజిప్టు డాక్టరే చెప్పాడు. నవంబరులో మళ్ళీ చేయిస్తే రెండు కోట్ల అరవై లక్షలొచ్చింది.

వేడి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళందరి భయం అదే. వృషణాలు ఒంటి బయట వేలాడేది ఊరికే కాదు, శరీరం కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వాటి పని జరుగుతుంది. ఎండలో బయట తిరిగినంత మాత్రాన ఆ చల్లదనం పోదు, చెమటపట్టి ఒళ్ళు సర్దుకుంటుంది. కదలకుండా కాళ్ళు దగ్గరపెట్టి గంటల తరబడి కూర్చోవడం, కొలిమి ముందు నిలబడటం - అవి వేరు. రోమ్‌లో టాక్సీ డ్రైవర్ల మీద 1996లో వచ్చిన అధ్యయనంలో మామూలు ఆకారమున్న కణాలు వాళ్ళలో తక్కువ కనిపించాయి. తూలూజ్‌లో 2000లో కారు నడిపేవాళ్ళకి అక్కడ థర్మామీటరు తగిలించి వేడి పెరుగుతోందని చూపించారు. ఇది చదివి "పాపం డ్రైవర్లు" అనుకుంటుండగానే 2005 నాటి న్యూయార్క్ అధ్యయనం కంటబడింది. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటసేపు కూర్చున్న 29 మంది కుర్రాళ్ళకి అక్కడ రెండున్నర డిగ్రీలకి పైగా వేడి పెరిగింది. అది చదివినప్పుడు నా ల్యాప్‌టాప్ ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు కదా. (బల్ల మీదకి మార్చాను. వేడి పెరగడం వేరు, పిల్లలు పుట్టకపోవడం వేరు, మొదటిది మాత్రమే వాళ్ళు కొలిచారు. అయినా బల్ల మీదకి మార్చడానికి పోయేదేముంది?)

కాలిఫోర్నియాలో లాత్రప్ అనే ఊళ్ళో పురుగుమందుల కర్మాగారం ఒకటుండేది. 1977లో అక్కడి కార్మికులు మాటల్లో మాటగా ఒకటి గమనించారు. ఈ మధ్య మనలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదేమిట్రా అని. పరీక్షలు చేయిస్తే వేసెక్టమీ చేయించుకోని పాతికమందిలో సగానికి పైగా మందికి కణాలు బాగా తక్కువ, కొందరికి అసలు లేవు. కారణం డీబీసీపీ అనే మందు. అమెరికాలో 1979లో దాన్ని దాదాపు అన్ని పంటలకీ నిషేధించారు. ఆ విషయం బయటపడింది పెద్ద శాస్త్రవేత్తల వల్ల కాదు, మగవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడం వల్ల. మాట్లాడుకోకపోతే అన్నేసి ఇళ్ళలో అందరి భార్యలూ విడివిడిగా గొడ్రాళ్ళే అయ్యుండేవారు.

అన్నట్టు, సౌదీ వాళ్ళు ఈ విషయంలో మనమనుకున్నంత వెనకబడి లేరు. 1978లో ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. 1980 మార్చిలోనే కైరో అల్ అజ్హర్ పెద్దలు ఫత్వా ఇచ్చారు: భార్యాభర్తల అండమూ కణమూ అయితే సమ్మతమే, మూడో మనిషి రాకూడదు. మక్కాలోని మతపండితుల మండలి కూడా 1980ల మధ్యలో అదే దారికొచ్చింది. 1986లో ఈజిప్టు, జోర్డాన్‌లతో పాటు సౌదీలో కూడా ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. హిజ్రీ 1424లో, అంటే మన లెక్కన 2004 మొదట్లో, దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. పెళ్ళి రుజువు లేనిదే క్లినిక్‌లో వైద్యం మొదలుకాదు. ఫ్యామిలీ వీసా కోసం ఢిల్లీ దాకా తిప్పి ముద్రలేయించిన మా మ్యారేజ్ సర్టిఫికెట్ రెండోసారి పనికొచ్చింది ఇక్కడే.

మూడో మనిషి రాకూడదన్న నియమం వల్ల ఒక చిక్కొచ్చింది. కణాలు మరీ తక్కువున్న మగవాడికి పడమటి దేశాల్లో దాత వీర్యం వాడేవారు. ఇక్కడ అది కుదరదు. మామూలు ఐవీఎఫ్‌లో కణం తనంతట తాను అండంలోకి దూరాలి, బలహీనమైన కణానికి ఆ శక్తి ఉండదు. అంటే అలాంటివాడికి దారే లేదు. 1992లో బ్రస్సెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో, ఆయనతో పనిచేసేవాళ్ళు ఒకే ఒక్క కణాన్ని సన్నని గాజుసూదితో నేరుగా అండంలోకి ఎక్కించి పిల్లలు పుట్టించారు. దాన్ని ఇక్సీ అంటారు. అంతకుముందు కణాన్ని అండం పైపొర కిందికి మాత్రమే చేర్చేవారు, ఒకసారి పొరపాటున సూది లోపలికే దిగిందట, ఆ అండమే ఫలించింది. రెండేళ్ళలో, 1994లో, ఇక్సీ కైరో చేరింది. మార్షియా ఇన్‌హార్న్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఈ అరబ్బు దేశాల క్లినిక్‌లలో మగవాళ్ళతో మాట్లాడి 2012లో ఒక పుస్తకం వేసింది. లోపం నాదేనని ఒప్పుకుని భార్యకి అండగా నిలిచే అరబ్బు మగవాళ్ళు మనమనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది ఉన్నారని ఆమె తేల్చిన విషయం. చికిత్స ఉందని తెలిస్తే ఒప్పుకోవడం తేలికవుతుంది కాబోలు.

మన హైదరాబాదులోనూ పని జరిగింది. సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీసింగ్ బృందం కణాలు బొత్తిగా లేని 340 మంది భారతీయ మగవాళ్ళ వై క్రోమోజోమ్ పరీక్షించి 2003లో ప్రచురించారు. వాళ్ళలో 29 మందికి, అంటే ఎనిమిదిన్నర శాతం మందికి, అందులో కొంత ముక్క లేదు. పుట్టుకతోనే లేనిదానికి పసరు మందులేం చేస్తాయి? అయినా మన రైలుకట్టల పక్క గోడల మీద ఆ మందుల ప్రకటనలు ఇంకా ఉన్నాయి. ఇంకా ఘోరమేమిటంటే, కండల కోసమో మగతనం కోసమో వేసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కణాల తయారీనే ఆపేస్తాయి. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఇంజెక్షన్లని మగవాళ్ళకి గర్భనిరోధకంగా పరీక్షించింది కూడా! పిల్లల కోసమని ఎవరైనా అది వేస్తానంటే లేచి వచ్చేయండి.

ఇక డ్రైవరన్న కథ. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అంటారు కదా ఆ ప్రాంతంలో, బతకడానికి మూడు దారులని. వాళ్ళ నాన్న బొంబాయి, ఈయన సౌదీ. శుక్రవారాలు బత్హాలో తెలుగువాళ్ళంతా చేరే చోట పరిచయం. మొదట్లో నన్ను "సారూ" అనేవాడు, "తమ్మీ" అనడానికి రెండేళ్ళు పట్టింది. 2012లో ఒకరోజు టీ తాగుతూ అన్నాడు:

"మా అమ్మ ఇంకో పిల్లను చూస్తాంది తమ్మీ. తొమ్మిదేండ్లాయె పెండ్లయి. ఊర్లె మా ఆమెను గొడ్రాలంటాండ్రు. పెండ్లిళ్ళకు పిలుస్తలేరు."

"నువ్వు పరీక్ష చేయించుకున్నావా అన్నా?"

"నాకేమైంది?" అన్నాడు. నేనూ మూడేళ్ళ క్రితం అదే అనుకున్నాను కాబట్టి కోపం రాలేదు. నా కాగితం సంగతి ఆయనకి చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పని అంకె ఆయనకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు గూడనా?" అన్నాడు.

తర్వాత ఒక కాగితం తీసి లెక్క వేశాం. 2003 వేసవిలో పెళ్ళి. మూడు నెలలకి ఫ్లైటు. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల సెలవు - 2005, 2007, 2009, 2011. నాలుగు సెలవులూ కలిపి ఆరు నెలలు. మొదటి మూడు నెలలతో కలిపి తొమ్మిది. తొమ్మిదేళ్ళ పెళ్ళి, తొమ్మిది నెలల కాపురం.

డాక్టర్లు సంతానలేమి అని ఎప్పుడంటారు? పన్నెండు నెలలు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే. అన్నకి ఆ పన్నెండు నెలలే ఇంకా నిండలేదు! కేవలం సెలవుల మీదే ఏడాది కాపురం పూర్తి కావాలంటే ఎనిమిది సెలవులు, అంటే పదహారేళ్ళ నౌకరీ కావాలి. అందులోనూ నెలకి గర్భం వచ్చే అవకాశమున్నవి ఆరు రోజులే, అండం విడుదలైన రోజూ దానికి ముందు అయిదు రోజులూ అని 1995లో అమెరికాలో తేల్చారు. నలభై అయిదు రోజుల సెలవులో అలాంటి ఆరు రోజులు ఒకసారి వస్తాయి, మహా అయితే రెండుసార్లు. సెలవులో అన్న ఏం చేశాడు? ఒకసారి చెల్లెలి పెళ్ళి, ఒకసారి ఇంటి స్లాబు, ఒకసారి బోరు. ఆ ఆరు రోజులూ కరీంనగర్‌లో సిమెంటు కోసం తిరిగాడేమో ఎవరికి తెలుసు.

ఇదేమీ అన్న ఒక్కడి లెక్క కాదు. 1970ల నడుమ చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నప్పటినుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్ని వేల ఇళ్ళదో. మొదట్లో క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి ఊరెళ్ళేవాళ్ళ చేత పంపేవారు, తర్వాత టెలిఫోను కార్డులు, ఇప్పుడు వీడియో కాల్. వీడియో కాల్‌లో అన్నీ అవుతాయి, ఇదొక్కటి కాదు. నాలాంటి వాళ్ళకి హోదాని బట్టి ఫ్యామిలీ వీసా వస్తుంది, ఆ నలభై అయిదు రోజుల బాధ లేదు. మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉంటూ, ఒకే బాధలో, నాకు 365 రోజులు, ఆయనకి 22. (2017 జులైలో కుటుంబ సభ్యులకి తలకి నెలకి వంద రియాళ్ళ ఫీజు పెట్టి, 2020 నాటికి నాలుగు వందలు చేశాక మా ఆఫీసు వాళ్ళు కూడా చాలామంది ఇళ్ళవాళ్ళని ఇండియా పంపేశారు. వాళ్ళూ ఇప్పుడు సెలవుల లెక్కలోకి వచ్చారు.)

అన్న పరీక్షకి ఒప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది. నేనూ వెళ్ళాను. మిల్లీలీటరుకి కోటీ పది లక్షలు. కొత్త గీతకి కూడా కిందే. రెండోసారి కూడా దాదాపు అంతే. సున్నా కాదు, కాబట్టి దారి మూసుకుపోలేదు. కానీ ప్రతి నెలా అవకాశం తక్కువ, కాబట్టి ఎక్కువ నెలలు కావాలి. ఆయన దగ్గర లేనివి ఆ నెలలే.

ఆ రాత్రి ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టలేదు గానీ పక్కనే ఉన్నాను. వాళ్ళమ్మతో "ఆమెది గాదు, నాది" అన్నాడు. రెండే ముక్కలు. అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. ఫోన్ పెట్టేసి, "ఇగ పిల్లను చూడది" అన్నాడు.

2013లో నితాఖత్ వచ్చింది. అన్నది ఆజాద్ వీసా - కాగితం మీద ఒక కఫీల్, పనిచేసేది ఇంకోచోట. నవంబరు 3 లోపల కాగితాలు సరిచేసుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. కఫీల్ అడిగినంత డబ్బు ఆయన దగ్గర లేదు. అక్టోబరులో ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో దింపినప్పుడు పదేళ్ళ కష్టం పోయిందని ఏడ్చాడు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. ఊళ్ళో ట్రాక్టరు కొన్నాడు, వాయిదాలు కట్టలేక అమ్మేశాడు, మళ్ళీ కొన్నాడు. 2015 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఫోన్ చేశాడు. ఆడపిల్ల. మందులేమీ వాడలేదు. పద్నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాడంతే.

మావాడు 2011లో పుట్టాడు, రియాద్‌లోనే. ఇద్దరికీ బాగానే జరిగింది కాబట్టి ఇంత ధీమాగా రాస్తున్నానని మీరనవచ్చు, నిజమే. అన్ని కథలూ ఇలా ముగియవని నాకు తెలుసు. మా గదుల్లోనే ఇంకా ముగియనివి ఉన్నాయి. వాళ్ళకి చెప్పగలిగింది ఒకటే. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. మగవాడి పరీక్షకి నొప్పి లేదు, కోత లేదు, ఖర్చు కూడా ఆవిడకయ్యే దాంట్లో పదో వంతు ఉండదు. ముందు అది చేయించండి. రెండుసార్లు చేయించండి. డబ్బా డాష్‌బోర్డు మీద పెట్టకండి.

మీరు గల్ఫ్‌లో ఉంటే అంతకంటే ముందు ఒక కాగితం తీసుకుని, కలిసి ఉన్న రోజులు లెక్కపెట్టండి. ఆ లెక్క మీ అమ్మకి కూడా చూపించండి.

మా ఆవిడ ఇదంతా చదివి ఒకటే అంది: "ఆ ఎక్స్‌రే నొప్పి గురించి ఇప్పుడైనా అడగొచ్చుగా." అడిగాను. చాలాసేపు చెప్పింది.